నీళ్ళలో నిలిచిన దివాణం: ఎగెస్కోవ్‌ను కాపాడింది గోడలా, భూములా?

సంక్షిప్తంగా: డెన్మార్క్‌లోని ఫ్యూన్ దీవిలో, క్వెర్న్‌డ్రుప్ ఊరి పక్కన, చెరువు నడుమ నిలిచిన ఎర్ర ఇటుకల ఇల్లు ఎగెస్కోవ్. దాని కట్టడం 1554లో పూర్తయింది. రైతుల తిరుగుబాటు చూసి బెదిరిన కాలంలో వెలసిన ఆ ఇల్లు తరువాత హోదాకు చిహ్నమైంది, ఆ పైన ఆధునిక వ్యవసాయానికి కేంద్రమైంది. ఇప్పుడది టికెట్టు కొని చూసే చోటు. ఈ మలుపుల్లో ప్రతి దాని వెనుకా యజమానుల అభిరుచి కన్నా భూమి హక్కుల్లో వచ్చిన మార్పే బలంగా కనిపిస్తుంది. అక్కడ చూడగానే పాతవిగా తోచేవాటిలో కొన్ని నిజానికి చాలా కొత్తవి.

కోట కాదు, దివాణం

ఎగెస్కోవ్ ఫోటోలు ఎక్కడ కనిపించినా 'రాజుల కోట' అనే వ్యాఖ్య తోడవుతుంది. డెన్మార్క్ వాళ్ళు కూడా దాన్ని 'స్లోట్' అనే పిలుస్తారు, అంటే కోట లేదా రాజభవనం. కానీ అది ఏ రాజుదీ కాదు. ఒక ప్రభు కుటుంబం తన భూముల మధ్య కట్టుకున్న ఇల్లు. అలాంటి ఇళ్ళకు డేనిష్ భాషలో 'హెర్రెగోర్' అని పేరు. తెలుగులో దానికి దగ్గరగా వచ్చే మాట దివాణం. ఎందుకంటే ఆ పేరు ఒక్క ఇంటికే పరిమితం కాదు. ఇల్లు, ధాన్యపు కొట్లు, పశువుల కొట్టాలు, చుట్టూ సొంత సాగు భూమి, ఆ అవతల కౌలు రైతుల ఊళ్ళు, వాటి మీద పెత్తనం అన్నీ కలిస్తేనే హెర్రెగోర్.

ఈ వ్యవస్థ ఇరుసు పన్ను మినహాయింపు. ప్రభువు సొంతంగా సాగు చేయించుకునే భూమికి పన్ను ఉండేది కాదు. కౌలు రైతు మాత్రం ధాన్యం రూపంలో శిస్తు కట్టాలి, పైగా దివాణం పొలంలో జీతం లేకుండా పని చెయ్యాలి. ఆ వెట్టికి 'హోవెరి' అని పేరు. భూమిని కొలిచే పద్ధతి కూడా ఈ లెక్కకు తగ్గట్టే ఉండేది. తెలుగు పల్లెల్లో విత్తనాల కొలతతో 'పుట్టెడు భూమి' అన్నట్టే, అక్కడ 'హార్ట్‌కోర్న్' అనే ధాన్యపు పీపాల లెక్కలో భూమి విలువ కట్టేవారు. ఎంత వైశాల్యం అన్నదాని కన్నా ఎంత పండుతుంది అన్నదే ముఖ్యం. జనాభాలో ఒక శాతం కూడా లేని ప్రభు వర్గం చేతిలో 16వ శతాబ్దంలో దేశపు సాగుభూమిలో చాలా పెద్ద వాటా ఉండేది. దివాణాన్ని సొంతం చేసుకునే హక్కు కూడా వారికే. ఇంత చిన్న వర్గం ఇంత భూమిని పట్టుకుని కూర్చున్నప్పుడు నిద్ర పట్టడం తేలిక కాదు. ఎగెస్కోవ్ గోడలు ఆ సంగతిని స్పష్టంగా చెబుతాయి.

1534 మిగిల్చిన భయం

1533లో రాజు మొదటి ఫ్రెడరిక్ చనిపోయాడు. వారసుణ్ణి ఎన్నుకోవలసిన రాజమండలి ఆ పని వాయిదా వేసింది. ఫ్రెడరిక్ పెద్ద కొడుకు క్రిస్టియన్ లూథర్ మతాన్ని అనుసరించేవాడు. మండలిలోని కేథలిక్ బిషప్పులకు అది మింగుడు పడలేదు. ఈ సందిగ్ధంలో 1534లో, అంతకు ముందు పదవి పోగొట్టుకుని చెరలో ఉన్న రెండవ క్రిస్టియన్‌ను మళ్ళీ గద్దెనెక్కిస్తానంటూ జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్ ప్రభువు (కౌంటు) క్రిస్టఫర్ సైన్యంతో దిగాడు. అందుకే ఆ అంతర్యుద్ధానికి 'కౌంటు కలహం' అని పేరు వచ్చింది.

పట్టణ ప్రజలు, రైతులు చాలా చోట్ల ఆ పక్షానికి వెళ్ళారు. సింహాసనం ఎవరిదన్న ప్రశ్న కంటే తమ మీద ఉన్న పెత్తనం ఎవరిదన్న ప్రశ్న వాళ్ళకు దగ్గరిది. డెన్మార్క్ ప్రధాన భూభాగమైన జట్లాండ్ ఉత్తరాన స్కిప్పర్ క్లెమెంట్ నాయకత్వంలో రైతులు లేచారు. 1534 అక్టోబరులో స్వెన్‌స్ట్రుప్ దగ్గర ప్రభువుల గుర్రపు దళాన్ని ఓడించారు. దివాణాలు తగలబడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో ఫ్రెడరిక్ కొడుకు క్రిస్టియన్ పక్షపు సేనాని యోహాన్ రాంట్సౌ సేనలు ఓల్‌బోర్గ్ పట్టణాన్ని పట్టుకుని, తిరుగుబాటుదారులను ఊచకోత కోశాయి. 1535 జూన్‌లో ఫ్యూన్ దీవిలోనే, ఓక్స్‌నెబ్యేర్ దగ్గర కౌంటు పక్షం చిత్తుగా ఓడిపోయింది. 1536లో కోపెన్‌హేగన్ లొంగింది. ఫ్రెడరిక్ కొడుకే మూడవ క్రిస్టియన్‌గా రాజయ్యాడు. లూథర్ మతం రాజ్యమతమైంది, చర్చి భూములు రాజు ఖజానాలోకి చేరాయి.

ప్రభువులు గెలిచారు. అయినా తమ ఇల్లు ఒక్క రాత్రిలో బూడిద కాగలదని తెలుసుకున్నారు. తరువాతి 20 ఏళ్ళలో దేశమంతటా కొత్త దివాణాలు లేచిన తీరు చూస్తే ఆ జ్ఞాపకం ఎంత లోతుగా నాటుకుందో తెలుస్తుంది. మహామంత్రి యోహాన్ ఫ్రీస్ 1538లో ఫ్యూన్‌లో హెసెలేయర్‌గోర్ కట్టాడు, 1556లో జీలాండ్ దీవిలో బోర్రెబ్యూ కట్టాడు. పేడర్ ఒక్సె 1547లో గిసెల్‌ఫెల్ట్ మొదలుపెట్టాడు. అన్నిటిలోనూ దాదాపు ఒకే ఏర్పాట్లు: చుట్టూ నీరు, మందమైన గోడలు, తుపాకి గురిపెట్టే రంధ్రాలు, పై నుంచి సలసల కాగే ద్రవాలు పొయ్యడానికి తూములు.

ఇక్కడ ఒక సందేహం సహజం. ఫిరంగులు వచ్చాక ఇలాంటి గోడలు ఆగుతాయా? రాజు సేన ఫిరంగులతో వస్తే ఆగవు. కట్టినవాళ్ళకు ఆ సంగతి తెలియనిదేమీ కాదు. వాళ్ళు ఊహించుకున్న శత్రువు వేరు. కాగడాలు, గొడ్డళ్ళు పట్టుకుని రాత్రివేళ వచ్చే తమ చుట్టుపక్కల రైతు. అతణ్ణి కొన్ని రోజులు ఆపగలిగితే చాలు, సహాయం అందుతుంది. ఆ అవసరానికి సరిపడా బలమే ఈ ఇళ్ళకు ఉంది.

రెండు ఇళ్ళు, నడుమ ఒక గోడ

ఎగెస్కోవ్ ఫ్రాన్స్ బ్రాకెన్‌హూస్ అనే ప్రభువుకు భార్య ఆన్నె టిన్‌హూస్ వైపు నుంచి వచ్చింది. అతను తరువాత రాజ్య సేనాధిపతి అయ్యాడు. స్వీడన్‌తో జరిగిన యుద్ధంలో, వార్బెర్గ్ కోట ముట్టడిలో తగిలిన గాయంతో 1569లో చనిపోయాడు. యుద్ధం తెలిసిన మనిషి కట్టించిన ఇల్లు కనుక దాని అమరికలో లెక్క కనిపిస్తుంది.

బయటికి ఒకే భవనంలా కనిపించేది నిజానికి పక్కపక్కన కట్టిన రెండు పొడవాటి ఇళ్ళు. ఆ రెంటినీ నడుమ మీటరుకు పైగా మందం ఉన్న జంట గోడ కలుపుతుంది. గోడ లోపల రహస్యపు మెట్లు ఉన్నాయి, ఒక బావి కూడా ఉంది. శత్రువు ఒక ఇంట్లోకి చొరబడితే లోపలివాళ్ళు రెండో ఇంట్లోకి తప్పుకుని పోరాటం కొనసాగించవచ్చు. నీటి కోసం బయటికి రానక్కర లేదు. మూలల్లోని రెండు గుండ్రటి బురుజుల నుంచి, గోడలకు ఆనుకుని ఎక్కజూసేవాళ్ళ మీద పక్క నుంచి కాల్పులు జరపవచ్చు. లోపలికి దారి ఒక్కటే, ఎత్తి మూసెయ్యగల వంతెన.

పునాది సంగతి మరింత ఆసక్తికరం. చెరువు లోతు కొన్ని చోట్ల 5 మీటర్ల దాకా ఉంటుంది. మెత్తటి అడుగులోకి ఓక్ మొద్దులు దించి, వాటి మీద ఇల్లు లేపారు. 'ఎగెస్కోవ్' అంటే ఓక్ అడవి అని అర్థం. అందుకే ఈ ఇంటి పునాదికి ఒక అడవి అడవే నరికారని, ఆ పేరు అలా వచ్చిందని చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1405 నాటికే ఆ చోటు ఎగెస్కోవ్ పేరుతో పత్రాల్లో కనిపిస్తుంది, అంటే ఈ ఇల్లు లేవడానికి సుమారు 150 ఏళ్ళ ముందే. పేరు వచ్చింది నిలబడి ఉన్న అడవి నుంచి, నరికిన అడవి నుంచి కాదు.

కొయ్య మీద నిలిచిన ఇల్లు ఇన్ని శతాబ్దాలు ఎలా ఆగింది? కొయ్యను కుళ్ళబెట్టే బూజుకు తేమతో పాటు గాలి కూడా కావాలి. పూర్తిగా నీటిలో, బురదలో మునిగి ఉన్న ఓక్‌కు గాలి తగలదు, కాబట్టి చివకదు. నీటి మట్టం తగ్గి మొద్దుల తలలు బయటపడితే మాత్రం ముప్పు మొదలవుతుంది. శత్రువును ఆపడానికి ఉద్దేశించిన నీరు ఇప్పుడు పునాదికి కాపలా కాస్తోంది. ఇంటి పైకప్పు కింద ఒక కొయ్యబొమ్మ పడుకుని ఉంటుంది. దాన్ని కదిలిస్తే క్రిస్మస్ రాత్రి ఇల్లు చెరువులో మునిగిపోతుందని అక్కడి నమ్మకం. ఇల్లు మునుగుతుందన్న భయం వట్టిది కాదు. అయితే దాని కీలకం పైకప్పు కింద కాదు, చెరువు గట్టు దగ్గర ఉంది.

రిగ్‌బోర్గ్ ఉన్న గది

ఈ గోడలు బయటివాళ్ళనే కాదు, లోపలి మనిషిని కూడా ఆపాయి. ఫ్రాన్స్ బ్రాకెన్‌హూస్ కొడుకు లావ్రిడ్స్ కూతురు రిగ్‌బోర్గ్ రాణి పరివారంలో ఉండేది. 1599లో ఆమెకు పెళ్ళి కాకుండానే బిడ్డ పుట్టాడు. ఆ బిడ్డ తండ్రి ఫ్రెడరిక్ రోసెన్‌క్రాంట్స్, దేశంలోని అత్యున్నత ప్రభు కుటుంబాల్లో ఒకదానికి చెందినవాడు. అతనికి వేళ్ళు నరికి ప్రభు హోదా తీసెయ్యాలని శిక్ష పడింది. తరువాత దాన్ని తురుష్కుల మీద యుద్ధానికి పంపే శిక్షగా మార్చారు. 1602లో అతను పరదేశంలో చనిపోయాడు. రిగ్‌బోర్గ్‌ను కన్నతండ్రే ఎగెస్కోవ్‌లో ఒక గదిలో బంధించాడు. 1604లో అతను చనిపోయేదాకా, దాదాపు 5 ఏళ్ళు, ఆమె అక్కడే ఉంది.

చూడవచ్చినవాళ్ళకు ఈ కథను ఒక విషాద ప్రేమగాథగా చెబుతారు. అది ప్రేమగాథ మాత్రమే కాదు. దివాణం ఒక కుటుంబం చేతిలోంచి మరో కుటుంబం చేతికి వెళ్ళే మార్గాల్లో పెళ్ళి ముఖ్యమైనది. ఎగెస్కోవ్ బ్రాకెన్‌హూస్‌ల చేతికి వచ్చిందే అలా. ఆ దారిని పెద్దలు ఎంత కఠినంగా కాపు కాశారో, దానికి ఒక ఆడపిల్ల తన యవ్వనాన్ని ఎలా చెల్లించుకుందో ఈ గది గుర్తు చేస్తుంది. పునాది మొద్దుల గురించి చెప్పినంత వివరంగా ఆమె గురించీ చెప్పవలసి ఉంది.

పచ్చని గోడల కాలం

1658 శీతాకాలంలో సముద్రపు పాయలు గడ్డకట్టడంతో స్వీడన్ సైన్యం మంచు మీద నడిచి ఫ్యూన్ దీవికి చేరింది. నీరే రక్షణ అనుకున్న దేశానికి అది పెద్ద దెబ్బ. ఆ ఓటమిలో ప్రభు వర్గం పరువు, రాజకీయ బలం రెండూ దెబ్బతిన్నాయి. 1660లో రాజు వారసత్వ పాలకుడయ్యాడు, సంపూర్ణాధికారం చేతిలోకి తీసుకున్నాడు. దివాణాల మీద ప్రభువులకు మాత్రమే ఉన్న గుత్త హక్కు రద్దయింది. డబ్బున్న వర్తకులు, రాజోద్యోగులు కూడా వాటిని కొనవచ్చు. 1671లో కౌంట్లు, బారన్లు అనే కొత్త బిరుదులు వచ్చాయి. కౌంటు ఎస్టేటుకు 2,500 పీపాల హార్ట్‌కోర్న్ భూమి ఉండాలని నియమం. రాజ్యంలో శాంతి నిలిచింది, రైతుల తిరుగుబాటు భయం వెనకబడింది. ఇక ఇంటికి కావలసింది తుపాకి రంధ్రం కాదు, చూపు సాగే తోట.

అప్పటికి ఎగెస్కోవ్ క్రాగ్ కుటుంబం చేతిలో ఉంది. 1730ల దశకంలో వాళ్ళు ఇక్కడ తోటలు వేయించారు. మనిషి ఎత్తును ఎంతో మించి పెరిగినా గోడలా నిటారుగా కత్తిరించి నిలిపే చెట్ల కంచెలు ఆ నాటి పథకానికి గుర్తులు. ఈ తరహా తోటకు మూలం ఫ్రాన్స్ దేశం. చెట్టును దాని ఇష్టానికి పెరగనివ్వకుండా గీత గీసినట్టు కత్తిరించడమే దాని సూత్రం. దాని వెనుక ఒక ఆర్థిక షరతు కూడా ఉంది. ఒక్క ఏడు కత్తెర ఆగితే కంచె గోడలా ఉండదు, మళ్ళీ చెట్లవరుస అవుతుంది. అంటే ఏటా, తరతరాలుగా, చవకగా చేతులు దొరకాలి.

ఆ చేతులు ఊళ్ళు విడిచి పోకుండా చూసే చట్టం కూడా అదే దశకంలో వచ్చింది. 1733లో 'స్టావ్న్స్‌బోన్' పేరుతో, పురుషులను పుట్టిన ఎస్టేటుకే కట్టేశారు. మొదట 14 నుంచి 36 ఏళ్ళ వారికి వర్తించిన ఈ కట్టుబాటు, 1764 నాటికి 4 ఏళ్ళ పసివాడి నుంచి 40 ఏళ్ళ వాడి దాకా విస్తరించింది. ప్రభుత్వం చెప్పిన కారణం సైన్యానికి మనుషులు కావాలని. అసలు బలం ధాన్యం ధరలు పడిపోయిన ఆ రోజుల్లో కూలీలు చేజారకుండా చూసుకోవాలన్న ఎస్టేట్ల అవసరానిది. ఎగెస్కోవ్ కంచెల సొగసును మెచ్చుకునేవాళ్ళు ఆ రెండు విషయాల కాలం ఒకటేనని తెలుసుకుని మెచ్చుకోవడం న్యాయం.

1788లో ఆ కట్టుబాటు రద్దయింది. ఎగెస్కోవ్‌కు ఎంతో దూరం లేని బ్రాహెట్రోల్లెబోర్గ్ ఎస్టేటులో యోహాన్ లుడ్విగ్ రెవెన్ట్‌లోవ్ తన రైతుల పిల్లలకు బళ్ళు పెట్టాడు. అతని అన్న క్రిస్టియన్ డిట్‌లెవ్ ప్రభుత్వంలో ఉండి సంస్కరణ నడిపించాడు. తోటల అభిరుచి కూడా ఆ రోజుల్లోనే మారింది. ఫ్యూన్‌లోనే సాండెరుమ్‌గోర్‌లో యోహాన్ బ్యూలో 1790ల నుంచి వంకర దారులు, కాలువలు, కుటీరాలతో ఊహాలోకం లాంటి తోట వేయించాడు. ఎగెస్కోవ్‌లో మాత్రం పాత కంచెలను పెరికెయ్యలేదు.

వెన్న, బురుజులు

1784లో ఎగెస్కోవ్‌ను హెన్రిక్ బిల్లె-బ్రాహె కొన్నాడు. 1882లో అది ఆ కుటుంబపు ఆడపిల్లకు, ఆమె భర్త యూలియుస్ ఆలెఫెల్ట్-లావుర్‌విగ్‌కు దక్కింది. అప్పటి నుంచి వారి ఇంటిపేరు ఆలెఫెల్ట్-లావుర్‌విగ్-బిల్లె. నేటికీ ఆ వంశానిదే యాజమాన్యం.

ఆ నాటికి డెన్మార్క్ వ్యవసాయం గడ్డు కాలంలో ఉంది. రైలు, ఆవిరి ఓడ కలిసి అమెరికా ధాన్యాన్ని ఐరోపాకు చవకగా చేర్చాయి. ధాన్యం అమ్మి బతికే ఎస్టేట్లకు గిట్టుబాటు పోయింది. డెన్మార్క్ అడ్డుసుంకాలు పెట్టి కూర్చోకుండా ఆ చవక గింజలనే పశువులకు, పందులకు మేతగా మార్చి, వెన్న, పంది మాంసం ఇంగ్లండ్‌కు అమ్మసాగింది. ఎగెస్కోవ్‌లోనూ మాదిరి పాల కేంద్రం వచ్చింది. సొంత విద్యుత్ కేంద్రం, క్వెర్న్‌డ్రుప్‌కు రైలుపట్టాలు కూడా వచ్చాయి. అయితే మేలైన వెన్న మీద దివాణాలకు ఉన్న పైచేయి ఎక్కువ కాలం నిలవలేదు. అదే 1882లో జట్లాండ్‌లోని హేడింగ్‌లో రైతులు తమ తొలి సహకార పాల కేంద్రం తెరిచారు. నాలుగైదు ఆవులున్న రైతు కూడా పదిమందితో కలిసి దివాణంతో సమానమైన వెన్న తియ్యగలిగాడు.

సరిగ్గా ఈ రోజుల్లోనే స్వీడన్ వాస్తుశిల్పి హెల్గో సెట్టెర్‌వాల్ చేత ఇంటికి మరమ్మతులు చేయించారు. బురుజుల ఎత్తు పెంచారు, కొత్త ద్వారభవనం కట్టారు. ఈ రోజు ఫోటోల్లో మధ్యయుగపు ఠీవిగా కనిపించే ఆ శిఖరాల్లో కొంత భాగం విద్యుద్దీపాల కాలం నాటిదన్నమాట. పెత్తనం తగ్గుతున్న వేళ బురుజులు పెరగడం కాకతాళీయం అనిపించదు. ఐరోపా అంతటా పాత ప్రభు కుటుంబాలు ఆ దశాబ్దాల్లో తమ ఇళ్ళను ఉన్నదాని కన్నా ప్రాచీనంగా కనిపించేలా తీర్చిదిద్దుకున్నాయి.

1919 చట్టం వేసిన లెక్క

డెన్మార్క్‌లో చాలా ఎస్టేట్లు అమ్మడానికి, పంచుకోవడానికి వీలు లేకుండా పెద్ద వారసుడికే దక్కే కట్టుబాటులో ఉండేవి. 1849 రాజ్యాంగం అలాంటి కొత్త కట్టుబాట్లను నిషేధించింది. పాతవాటిని రద్దు చేసే చట్టం మాత్రం 70 ఏళ్ళ తరువాత, 1919 అక్టోబరులో వచ్చింది. యజమాని ఎస్టేటు విలువలో 20 నుంచి 25 శాతం ప్రభుత్వానికి చెల్లించాలి. భూమిలో మూడో వంతు పరిహారం తీసుకుని అప్పగించాలి. ఆ భూమిని చిన్న కమతాలుగా చేసి భూమి లేనివారికి ఇస్తారు. మిగిలినది యజమాని స్వేచ్ఛగా అనుభవించవచ్చు, అమ్ముకోవచ్చు.

ఈ చట్టంలో ఒక సమతూకం ఉంది. పెద్ద ఎస్టేటు విరిగింది, కానీ పూర్తిగా పోలేదు. ఇల్లు, దాన్ని పోషించే భూమి ఒకే చేతిలో మిగిలే అవకాశం ఉండింది. అంతకు ముందు ఏడాదే, 1918లో, చారిత్రక కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. దాని కింద నమోదైన ఇంటిని యజమాని ఇష్టం వచ్చినట్టు కూల్చడానికి, మార్చడానికి వీల్లేదు. ఒక చట్టం యజమాని ఆదాయాన్ని తగ్గిస్తుంటే మరొకటి ఖర్చును తప్పనిసరి చేసింది. 20వ శతాబ్దపు దివాణాల కథంతా ఈ రెంటి మధ్య నలిగినదే.

నలిగి బయటపడిన దారులు వేర్వేరు. జట్లాండ్‌లోని గామెల్ ఎస్ట్రుప్‌లో స్కేల్ వంశపు చివరి కౌంటు 1926లో చనిపోయాడు. ఇల్లు 1930లో మ్యూజియం అయింది. ఇప్పుడు దేశంలోని దివాణాల చరిత్ర అంతటికీ అదే ప్రధాన మ్యూజియం, ఆ ఆవరణలోనే వ్యవసాయ చరిత్ర ప్రదర్శన కూడా ఉంది. జీలాండ్‌లోని వాలో దివాణాన్ని 1737లోనే రాణి సోఫీ మాగ్డలేన్ పెళ్ళి కాని ప్రభు కన్యల ఆశ్రయంగా మార్చి, దాని భూములను ఒక సంస్థ కిందికి తెచ్చింది. వారసుల పంపకాలు ఆ భూమిని తాకలేకపోయాయి. ఎగెస్కోవ్‌ది మూడో దారి: కుటుంబం అక్కడే ఉండి, జనానికి తలుపు తెరవడం.

తోట వయసు ఎంత?

ఎగెస్కోవ్ ఉద్యానం సుమారు 20 హెక్టార్లు, అంటే 50 ఎకరాలు. అందులో చాలామందిని ఆకట్టుకునేది ఇంటి ఎదుట ఉన్న 'రినైజాన్స్ తోట'. ఫౌంటెన్లు, రకరకాల ఆకారాల్లో కత్తిరించిన పొదలు, రేఖాగణితం లాంటి బాటలు. ఇంటి వయసే తోట వయసు అనుకునేలా ఉంటుంది. నిజానికి దాన్ని 1962లో ఫ్రెంచి ఉద్యాన శిల్పి ఫెర్డినాన్ డ్యుప్రా రూపొందించాడు. దాని పక్కనే 1730ల కంచెలు. మరోచోట ఫ్యూషియా పూల తోట. డేనిష్ కవి, రూపకర్త పీట్ హైన్ రూపకల్పన చేసిన వెదురు చిక్కుదారి 20వ శతాబ్దం చివరిది. 1967లో పాత కార్ల మ్యూజియం తెరిచారు. సర్ నెవిల్ విల్కిన్సన్ 1907, 1922ల మధ్య తయారు చేయించిన 'టైటానియా ప్యాలెస్' అనే బొమ్మరిల్లు 2007 నుంచి ఇక్కడే ఉంది. 2016లో వేసవి సంగీతం, సంభాషణల ఉత్సవం కూడా మొదలైంది.

ఇదంతా చరిత్రను కలగాపులగం చెయ్యడమేనని విమర్శించడం తేలిక. పాత ఇంటి పక్కన పాత కార్లు ఎందుకు? జవాబు ఖర్చులో ఉంది. చెరువు గట్లు, ఇటుక గోడలు, కంచెల కత్తిరింపు ఆగకూడని పనులు. వెట్టి పోయిన దేశంలో, ప్రపంచంలోనే అధిక వేతనాలు ఇచ్చే దేశాల్లో ఒకటైన చోట, ప్రతి కత్తెర దెబ్బకూ జీతం ఇవ్వాలి. ఒకసారి ఇల్లు చూసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఇల్లు చూడటానికే రారు. పిల్లలతో వచ్చేవాళ్ళకు, కార్లు ఇష్టపడేవాళ్ళకు, పూలు ఇష్టపడేవాళ్ళకు వేర్వేరు కారణాలు చూపించాలి. అయితే కొత్తగా వేసినదానికి దాని సంవత్సరాన్ని తోట దగ్గరే పెద్ద అక్షరాలతో రాయడం ఏ ప్రదర్శకుడికైనా బాధ్యత. 1962 నాటి తోట అందంగా ఉండటానికి 1554 వయసు అరువు తెచ్చుకోనక్కర లేదు.

టికెట్ల గురించి ఎంత మాట్లాడుకున్నా ఒక అంకె మరిచిపోకూడదు. ఎగెస్కోవ్ ఎస్టేటు నేటికీ సుమారు 11 చదరపు కిలోమీటర్లు, అంటే 2,700 ఎకరాలకు పైమాటే. అందులో అధిక భాగం సాగుభూమి, మిగిలినది అడవి, ఉద్యానం. సందర్శకులు నడిచే 50 ఎకరాలు దానిలో 2 శాతం కూడా కావు. వంతెన దాటి ఇంట్లోకి వెళ్ళేవాళ్ళ చూపు బురుజుల మీదే ఉంటుంది. ఆ వంతెనకు వెనుక, గేటు బయట, గోధుమ, బార్లీ చేలు ఎప్పటిలాగే పండుతున్నాయి. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళు నచ్చకపోతే మానేసి వెళ్ళిపోగలరు.